ఎండల్లో 5కె, 10కె రేసుకి తయారవడం ఎలా: వాచీలో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది, దాంతో పాటే 10కె, 5కె (పది, ఐదు కిలోమీటర్ల పరుగులు) కూడా ఉంటాయి. మూడు నెలల ముందు నుంచి తయారవుదాం అనుకుంటే మొదలుపెట్టాల్సింది మే నెలలో, అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెకి అటూ ఇటూగా. బెంగళూరులో జరిగే పెద్ద 10కె ఏప్రిల్ చివర్లో వస్తుంది కాబట్టి దానికి వెళ్లే మనవాళ్ల పరిస్థితీ అంతే, రేసు రోజు అక్కడ కాస్త చల్లగా ఉంటే ఉండొచ్చు గానీ తయారయ్యేది మాత్రం విజయవాడలోనో ఖమ్మంలోనో, మార్చి ఏప్రిల్ ఎండల్లోనే. మామూలుగా జనం ఏం చేస్తారంటే చలిదేశాల వాళ్లు రాసిన ఎనిమిది వారాల ప్లాన్ ఒకటి దించుకుంటారు, అందులోని పేస్ అంకెల్ని, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలన్న లెక్కని, వాచీలోకి ఎక్కిస్తారు, మొదటి వారం ఎలాగోలా లాగుతారు, రెండో వారం ఆ అంకె రావట్లేదని ఇంకా గట్టిగా పరిగెత్తుతారు, మూడో వారం నీరసమో పిక్క పట్టేయడమో వచ్చి మంచం ఎక్కుతారు. వాళ్ల ఒంట్లో లోపం ఏమీ లేదు. ఆ ప్లాన్‌లోని పేస్ మన వాతావరణానికి రాసింది కాదు, అంతే.

నేను రాస్తున్నది ఇప్పటికే ఆగకుండా రెండు మూడు కిలోమీటర్లు పరిగెత్తగలిగేవాళ్ల కోసం. బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్లు, నలభై దాటాక కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు ముందు డాక్టరుని కలిసి రండి.

పేస్‌ని స్క్రీన్ మీద నుంచి తీసేయండి

పరుగులో మనం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగానే పోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి ఒళ్లు రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. అంటే కాళ్లకీ చర్మానికీ రెండింటికీ అదే రక్తం సరిపోవాలి, పైగా చెమట పట్టేకొద్దీ రక్తంలో నీటి భాగం కూడా తగ్గుతుంది, దాంతో గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. జనవరిలో కిలోమీటరు ఆరున్నర నిమిషాలకి పరిగెత్తితే గుండె వేగం (హార్ట్ రేట్) నిమిషానికి 142 దగ్గర నిలబడిన మనిషికి, మే నెలలో అదే వేగానికి 158 చూపించడం మామూలే. ఇంకా ముందుకి వెళ్లేకొద్దీ వేగం పెంచకపోయినా ఆ అంకె మెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది, దీన్నే కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు. కాబట్టి ఎండాకాలంలో కష్టాన్ని కొలవడానికి పేస్ పనికిరాదు, హార్ట్ రేట్ పనికొస్తుంది.

చేయాల్సింది చాలా సులువు. గార్మిన్ అయినా, కోరోస్ అయినా, అమేజ్‌ఫిట్ అయినా, యాపిల్ వాచీ అయినా రన్నింగ్ స్క్రీన్‌లో ఏ అంకెలు కనపడాలో మనమే మార్చుకోవచ్చు. అందులో మొత్తం సమయం, హార్ట్ రేట్, ల్యాప్ టైమ్ (ఒక్కో చుట్టుకి పట్టిన సమయం) ఈ మూడే ఉంచండి. పేస్ రికార్డు అవుతూనే ఉంటుంది, ఇంటికొచ్చాక కావాలంటే చూసుకోండి, పరిగెత్తేటప్పుడు మాత్రం కనపడకూడదు. కనపడితే చూస్తారు, చూస్తే తొందరపడతారు. పరుగుల వివరాలు పంచుకునే స్ట్రావా యాప్‌లో పెట్టే అలవాటు ఉంటే అక్కడ కూడా పేస్‌ని దాచే వీలుంది, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఏదో అంటారన్న టెన్షన్ ఉన్నవాళ్లకి అది మందులా పనిచేస్తుంది.

తర్వాత హార్ట్ రేట్ అలర్ట్ పెట్టండి. గుండె గరిష్ఠ వేగం ఎంతో తెలియడానికి 220లోంచి వయసు తీసేయడం అందరికీ తెలిసిన లెక్కే గానీ దానికంటే 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేయడం కాస్త నయం. 35 ఏళ్లవాళ్లకి అది 183 వస్తుంది. తేలిక పరుగు అందులో 75 శాతం దగ్గర ఉండాలి, అంటే 137 నుంచి 140 లోపు. ఏ లెక్కైనా సగటు లెక్కే, మనిషిని బట్టి పది పదిహేను అటూ ఇటూ ఉంటుంది, అందుకే మాట్లాడి చూసుకోండి: పక్కనున్నవాళ్లతో ఆయాసపడకుండా రెండు మూడు వాక్యాలు మాట్లాడగలిగితే అది మీ తేలిక పరుగు, ఆ సమయంలో వాచీ ఎంత చూపిస్తోందో దానికి నాలుగైదు కలిపి అలర్ట్ పెట్టేయండి. వాచీ మోగిందంటే నడవాలి. పదిహేను అంకెలు తగ్గేదాకా నడిచి మళ్లీ పరుగు అందుకోవాలి. మొదట్లో పార్కులో అంకుల్స్ నడుస్తూ మనల్ని దాటిపోతారు, పోనివ్వండి.

వాచీ చెప్పేదంతా నిజం కాదు

హార్ట్ రేట్‌నే నమ్ముకోమన్నాను కాబట్టి అది ఎక్కడ తప్పుతుందో కూడా తెలిసుండాలి. మణికట్టు మీది వాచీ ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి రక్తం కదలికను బట్టి లెక్కపెడుతుంది. చెమటకి వాచీ జారుతూ ఊగుతుంటే అది గుండె లయను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. నిమిషానికి మన అడుగులు 160 నుంచి 180 మధ్య పడతాయి కాబట్టి హాయిగా పరిగెత్తుతున్నప్పుడు కూడా 172 చూపించి భయపెడుతుంది. పరుగు మొదలైన రెండు నిమిషాలకే అంకె ఒక్కసారిగా 170కి ఎగిరి అక్కడే కదలకుండా కూర్చుందంటే అనుమానించాల్సిందే. ఆగి, మెడ దగ్గర వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, ఎవరు నిజమో తేలిపోతుంది.

దీనికి మొదటి విరుగుడు పట్టీ. మణికట్టు ఎముక మీద పెట్టుకోకుండా దానికి రెండు వేళ్ల పైకి, చేయి కాస్త కండగా ఉన్నచోట, రోజంతా పెట్టుకునే దానికంటే ఒక రంధ్రం బిగించి కట్టండి. పరుగయ్యాక వదులు చేసి, చేయీ వాచీ రెండూ కడిగి ఆరబెట్టండి. ఎండాకాలంలో చాలామందికి పట్టీ కింద దద్దుర్లు వచ్చేది ఆరని చెమట వల్లే. ఇంకో సంగతి, చార్జింగ్ పిన్నుల మీద చెమట ఉప్పు అలాగే ఉండగా కేబుల్ తగిలిస్తే అవి తుప్పు పడతాయి, తుడిచాకే పెట్టాలి. తడి వేళ్లకి టచ్ స్క్రీన్ పిచ్చిపిచ్చిగా పనిచేస్తుంది, మధ్యలో రన్ తనంతట తానే ఆగిపోయిందని గోలపెట్టేవాళ్లందరూ టచ్ లాక్ చేసుకుంటే సరిపోతుంది.

అసలు విరుగుడు చెస్ట్ స్ట్రాప్. ఛాతీకి కట్టుకునే బెల్టు, గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది కాబట్టి ఇంటర్వెల్స్‌లో (వేగంగా పరిగెత్తి, కాస్త ఆగి, మళ్లీ పరిగెత్తే ముక్కల్లో) కూడా తడబడదు. నన్నడిగితే ముప్పై వేలు పెట్టి పెద్ద వాచీ కొనే బదులు మామూలు వాచీ ఒకటి, మంచి స్ట్రాప్ ఒకటి కొనుక్కోవడం మేలు. కట్టుకునే ముందు లోపలివైపు ప్యాడ్లని నీళ్లతో తడపాలి, లేకపోతే చెమట పట్టేదాకా మొదటి ఐదు నిమిషాలు చెత్త అంకెలు వస్తాయి. వాడాక వట్టి నీళ్లలో జాడించి ఆరేయండి.

జీపీఎస్ విషయానికొస్తే, బయటికొచ్చి సిగ్నల్ దొరికిందని వాచీ చెప్పేదాకా నిలబడండి, ఆ అర నిమిషం ఓపిక లేకే మొదటి కిలోమీటరు లెక్క తప్పుతుంది. కేబీఆర్ పార్కు చెట్ల కింద, గచ్చిబౌలి వైపు ఎత్తైన బిల్డింగుల మధ్య, ఫ్లైఓవర్ కింద దూరం అటూ ఇటూ అవుతుంది. స్టేడియం ట్రాక్ మీద అయితే మామూలు రన్ మోడ్‌ని అసలు నమ్మకండి, వాచీలో ట్రాక్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి, లేదంటే ఒకటో లేన్ లోపలి అంచున ఒక చుట్టు 400 మీటర్లు అని గుర్తుపెట్టుకుని చుట్టు చుట్టుకీ ల్యాప్ బటన్ నొక్కండి.

వాచీ చూపించే ఉష్ణోగ్రత మీ చేతి వేడి కలిసిన ఉష్ణోగ్రత, దాన్ని పట్టించుకోకండి. లోపలి శరీర ఉష్ణోగ్రతను మామూలు వాచీ ఏదీ కొలవలేదు. ఇక వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే అంచనా) అనే అంకె ఎండాకాలంలో పడిపోతుంది, ఎందుకంటే తక్కువ వేగానికి ఎక్కువ హార్ట్ రేట్ కనపడగానే మీ ఫిట్‌నెస్ తగ్గిందని అది అనుకుంటుంది. కొన్ని గార్మిన్ మోడళ్లు 22 డిగ్రీలు దాటిన వాతావరణంలో చేసిన పరుగుల్ని చూసి ఒళ్లు వేడికి ఎంత అలవాటుపడిందో శాతంలో చెబుతాయి, కానీ ఆ వాతావరణ సమాచారం ఫోన్ నుంచి రావాలి, అందుకని బయల్దేరే ముందు ఒకసారి సింక్ చేయండి. వాచీ లేక ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి భుజానికి కట్టుకుంటారు, అది వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. నడుముకి కట్టుకునే పల్చటి బెల్టు నయం.

డ్యూ పాయింట్ చూడటం నేర్చుకోండి

వాతావరణం యాప్‌లో అందరూ చూసేది ఉష్ణోగ్రత. పరుగుకి అంతకంటే ముఖ్యమైనది డ్యూ పాయింట్, అంటే గాలిలో ఎంత తేమ ఉందో చెప్పే అంకె. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆవిరైతేనే చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు పొడిగాలికి చల్లబడినట్టు ఉక్కపోతలో చల్లబడకపోవడం ఇళ్లలో అందరూ చూసేదే, ఒంటి సంగతీ అంతే. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఉదయం 27 డిగ్రీలు, తేమ 45 శాతం ఉంటే డ్యూ పాయింట్ 14 దగ్గర ఉంటుంది, పరిగెత్తడానికి ఇబ్బందేమీ ఉండదు. అదే విశాఖలోనో కాకినాడలోనో 28 డిగ్రీలు, తేమ 85 శాతం అంటే డ్యూ పాయింట్ 25 దాటుతుంది. ఉష్ణోగ్రతలో తేడా ఒక్క డిగ్రీయే, పరుగు మాత్రం పూర్తిగా వేరు, బనియన్ పిండితే నీళ్లు కారతాయి గానీ ఒళ్లు మాత్రం చల్లబడదు.

నేను పాటించే కొలత ఇది. డ్యూ పాయింట్ 18 లోపు ఉంటే అనుకున్నది అనుకున్నట్టు చేయొచ్చు. 18 నుంచి 21 దాకా కాస్త నెమ్మది. 21 నుంచి 24 మధ్య వేగం పనులు సగానికి తగ్గించాలి. 24 దాటిందా, ఆ రోజు తేలిక పరుగు తప్ప ఏదీ వద్దు. ఇక్కడే చాలామంది మోసపోతారు: జూన్‌లో వానలు పడగానే అమ్మయ్య చల్లబడింది అనుకుని వేగం పెంచేస్తారు. ఉష్ణోగ్రత తగ్గిన మాట నిజమే గానీ జూలైలో హైదరాబాద్‌లో డ్యూ పాయింట్ 22, 23 దగ్గర తిరుగుతుంది, ఏప్రిల్ పొద్దుటి కంటే చెమట ఆరడం అప్పుడే కష్టం.

వేళ సంగతికి వస్తే తెల్లవారుజామే గతి. మే చివర హైదరాబాద్‌లో సూర్యోదయం 5:40 ప్రాంతంలో అవుతుంది, విశాఖలో ఇంకో ఇరవై నిమిషాల ముందే. ఐదింటికి మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. సాయంత్రం గాలిలో తేమ తక్కువే కానీ పగలంతా కాలిన తారు రోడ్డు, గోడలు ఏడు దాటాక కూడా సెగలు కక్కుతూనే ఉంటాయి. సాయంత్రం తప్ప కుదరనివాళ్లు మట్టి నేల, చెట్లు ఉన్నచోటు వెతుక్కోండి. ఐదు కిలోమీటర్లు వెళ్లి ఐదు కిలోమీటర్లు తిరిగొచ్చే దారి ఎండాకాలంలో పెట్టుకోకూడదు, కళ్లు తిరిగితే ఇంటికి ఐదు కిలోమీటర్లు ఉంటుంది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల చుట్టు ఒకటి ఎంచుకుని, నీళ్ల సీసా ఒకచోట పెట్టుకుని దాని చుట్టూ తిరగండి. ఐదింటికి వీధికుక్కలు మంచి ఊపు మీద ఉంటాయి, వాటి దగ్గర పరుగు ఆపి నడవడమే తెలివైన పని, ఇంటర్వెల్ పాడైనా సరే. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు గార్మిన్‌లో లైవ్‌ట్రాక్ గానీ స్ట్రావాలో బీకన్ గానీ ఆన్ చేసి ఇంట్లో ఒకరికి లింకు పంపండి, ఇల్లు ఎక్కడుందో మ్యాప్‌లో కనపడకుండా దాచే సెట్టింగ్ కూడా పెట్టుకోండి.

మొదటి రెండు వారాలు

ఒళ్లు వేడికి అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి వారంలోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, దాంతో హార్ట్ రేట్ దిగుతుంది. తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఇదంతా జరగాలంటే వేడిలో కొంచెం కొంచెంగా, దాదాపు ప్రతిరోజూ పరిగెత్తాలి, వారానికి ఒక్కసారి ఎండలో రెండు గంటలు చావబాదుకుంటే అలవాటు కాదు. మొదటి మూడు రోజులు ఇరవై నిమిషాలు, తర్వాత ముప్పై, రెండో వారంలో నలభై నుంచి నలభై ఐదు నిమిషాలు చాలు. అన్నీ తేలికవే. దీనికి మధ్యాహ్నం ఎండలోకి వెళ్లాల్సిన పనే లేదు, మన తెల్లవారుజామే సరిపడా వేడిగా ఉంటుంది. రోజంతా ఏసీలో కూర్చుని, ఏసీలోనే పడుకుని, ఏసీ జిమ్‌లో మాత్రమే పరిగెత్తేవాళ్లకి ఈ అలవాటు రాదు, రేసు రోజు వాళ్లే ముందు కూలబడతారు. వచ్చిన అలవాటు కూడా నిలవ ఉండదు, ఊరెళ్లో జ్వరమొచ్చో రెండు మూడు వారాలు ఆపేస్తే చాలావరకు పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఈ రెండు వారాల్లో వాచీతో ఒక పని చేయండి. ఒకే దారి, ఒకే వేళ, ఒకే హార్ట్ రేట్ పెట్టుకుని ముప్పై నిమిషాలు పరిగెత్తి ఎంత దూరం వచ్చిందో రాసుకోండి. పది రోజుల తర్వాత అదే మళ్లీ చేయండి. అదే గుండె వేగానికి దూరం పెరిగితే ఒళ్లు దారికొచ్చినట్టే. నిద్రలేవగానే విశ్రాంతి హార్ట్ రేట్ కూడా చూడండి. మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువ ఉంటే ఆ రోజు మానేయండి. రాత్రి కరెంటు పోయి నిద్ర లేకపోయినా, ముందురోజు పెళ్లి భోజనం చేసి నీళ్లు తాగకపోయినా అది ఇట్టే పట్టేస్తుంది. వాచీ చేసే పనుల్లో నాకు నచ్చేది ఇదే.

వారం ఎలా ఉండాలి

నాలుగు రోజుల పరుగు చాలు. అన్నిటినీ కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో రాసుకోండి, ఎండాకాలంలో ఎనిమిది కిలోమీటర్లు పూర్తి చేయాల్సిందే అని పట్టుబట్టడం వల్లే చాలామంది ఎక్కువసేపు ఎండలో ఉండిపోతారు.

మంగళవారం వేగం పని. పది నిమిషాలు తేలికగా పరిగెత్తాక 400 మీటర్లు ఆరుసార్లు, మీరు 5కె రేసులో పరిగెత్తగలనని అనుకునే వేగంతో. మధ్యలో చలికాలంలో ఒక నిమిషం విశ్రాంతి తీసుకునేవాళ్లు ఇప్పుడు రెండు, రెండున్నర నిమిషాలు నడవండి. ప్లాన్‌లో పన్నెండు అని రాసి ఉన్నా ఆరు చాలు, వేగం నేర్పడానికి ఆరు సరిపోతాయి, మిగతా ఆరు ఒంటిని వేడెక్కించడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఈ ఒక్క రోజు మాత్రం హార్ట్ రేట్‌ని వదిలేసి ల్యాప్ టైమ్ చూడండి, ఎందుకంటే గుండె వేగం పరుగు కంటే అర నిమిషం ఆలస్యంగా పెరుగుతుంది, రెండు నిమిషాల ముక్కలో అది నిజం చెప్పేలోపు ముక్క అయిపోతుంది. చివరి చుట్టు మొదటి చుట్టు కంటే ఐదారు సెకన్లు మించి నెమ్మదిస్తే అక్కడితో ఆపేయండి. డ్యూ పాయింట్ 24 దాటిన రోజున ఇదే పనిని ట్రెడ్‌మిల్ మీద చేసుకోవచ్చు, ఎదురుగా ఫ్యాన్ ఉండాలి, వంపు 1 శాతం పెట్టుకోవాలి, చేతులు కడ్డీల మీద వేయకూడదు. వాచీ అక్కడ దూరాన్ని చేతి ఊపును బట్టి అంచనా వేస్తుంది కాబట్టి సేవ్ చేసే ముందు ట్రెడ్‌మిల్ చూపించిన దూరాన్ని వాచీలో సరిదిద్దండి.

గురువారం నలభై నిమిషాలు తేలికగా. శనివారం ముప్పై నిమిషాలు తేలికగా, చివర్లో ఇరవై సెకన్ల చురుకైన పరుగులు నాలుగైదు. ఇవి ఒళ్లు వేడెక్కకుండానే కాళ్లకి వేగం గుర్తుచేస్తాయి, ఎండాకాలంలో వీటిని మించినవి లేవు. ఆదివారం పొడవు పరుగు, 10కె వాళ్లకి అరవై నుంచి డెబ్బై ఐదు నిమిషాలు, 5కె వాళ్లకి యాభై. నాలుగో వారం అన్నీ మూడో వంతు తగ్గించండి.

పోలీసు ఉద్యోగాల కోసం తయారవుతున్న పిల్లలు కూడా ఇవే ఎండల్లో గ్రౌండ్లలో కనపడుతుంటారు కాబట్టి వాళ్లకి రెండు మాటలు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే 400 మీటర్ల చుట్టు మగవాళ్లకి 1:48, ఆడవాళ్లకి 2:40. మీకు స్టాప్‌వాచ్ ఒక్కటి చాలు, జీపీఎస్ అక్కర్లేదు. పరీక్ష రోజు చేతికి వాచీ ఉంటుందని లెక్కపెట్టుకోకుండా ఆ చుట్టు వేగం కాళ్లకే తెలిసేలా సాధన చేయండి. రోజూ పూర్తి దూరాన్ని పూర్తి వేగంతో పరిగెత్తి చూసుకోవడం మానండి, పదిహేను రోజులకి ఒకసారి చాలు.

నీళ్లు, ఉప్పు

ఎంత తాగాలో ఎవరినీ అడగక్కర్లేదు, ఇంట్లో తూకం మిషన్ ఉంటే చాలు. పరుగుకి ముందు తక్కువ బట్టలతో తూగండి, వచ్చాక చెమట తుడుచుకుని మళ్లీ తూగండి. 68.4 కిలోలు ఉన్నవాళ్లు 67.6కి దిగి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే పోయిన చెమట 1.1 లీటర్లు. అది యాభై నిమిషాల్లో అయితే గంటకి 1.3 లీటర్లు. పరుగు మధ్యలో అదంతా తిరిగి తాగాలని లేదు, గంట లోపు పరుగుకి దాహమైనప్పుడు రెండు గుక్కలు చాలు. ఇంటికొచ్చాక, తగ్గిన ప్రతి కిలోకి ఒకటింబావు నుంచి లీటరున్నర దాకా, మూడు నాలుగు గంటల్లో నిదానంగా తాగండి. పరుగయ్యాక బరువు పెరిగిందంటే మాత్రం ఎక్కువ తాగేస్తున్నారని అర్థం. ఒట్టి నీళ్లు విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది నీళ్లు తక్కువైనదాని కంటే ప్రమాదం.

ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఉప్పూ చక్కెరా కలిపిన నిమ్మరసం, ఇవి మనకి తెలిసినవే, మామూలు రోజుల్లో వీటికి మించినవి అక్కర్లేదు. కొబ్బరి బోండాంలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ చెమటలో పోయేది ప్రధానంగా సోడియం, కాబట్టి దాంతో పాటు ఉప్పు వేసిన తిండి ఏదైనా తినాలి. బాగా చెమట పట్టి టోపీ మీద తెల్లటి చారలు కట్టే మనుషులు పొడవు పరుగు రోజున ఓఆర్‌ఎస్ తాగొచ్చు. పెద్ద పొట్లం లీటరు నీళ్లకి, చిన్న పొట్లం 200 మిల్లీలీటర్లకి, పొట్లం మీద ఎంత రాసి ఉంటే అంతే కలపాలి. డబ్లుహెచ్‌ఓ చెప్పిన పాళ్లలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉంటాయి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలు చాలాకాలం ఓఆర్‌ఎస్ అనే పేరు పెట్టుకుని అమ్ముడుపోయాయి, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. అందుకని మెడికల్ షాపులో పొడి పొట్లమే అడిగి తీసుకోండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు విషయంలో డాక్టరు మాటే వినాలి. ఒళ్లు నొప్పులని పరుగుకి ముందు ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకునే అలవాటు కొందరికి ఉంది, నీరు తగ్గిన ఒంట్లో అది కిడ్నీల మీద పడుతుంది, వద్దు.

ఆపేయాల్సిన గుర్తులు

ఎండలో పరిగెత్తుతూ రోమాలు నిక్కబొడుచుకోవడం, చలి పుట్టడం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, నడుస్తున్నా హార్ట్ రేట్ దిగకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనపడ్డా ఆ రోజుకి అయిపోయింది. నీడలో పడుకుని కాళ్లు పైకి పెట్టి, తల మీద మెడ మీద నీళ్లు పోసుకోండి.

మనిషి తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తాను ఎక్కడున్నాడో తెలియకపోయినా అది వడదెబ్బే అనుకోవాలి. వడదెబ్బ తగిలితే చర్మం పొడిగా ఉంటుందని అంటారు గానీ పరుగులో వచ్చే వడదెబ్బకి ఒళ్లంతా చెమటతో తడిసి ఉండొచ్చు, దాన్ని చూసి మోసపోకండి. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఎదురుచూడకుండా అక్కడికక్కడే చల్లబరచాలి: తొట్టి ఉంటే అందులో మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోవడం, లేదంటే బకెట్లతో ఆపకుండా నీళ్లు పోస్తూ విసరడం, ఐసు దొరికితే మెడకీ చంకలకీ గజ్జలకీ పెట్టడం. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ మొదటి నిమిషాల్లో చేసిన పనే ప్రాణం నిలబెడుతుంది.

రేసు రోజు

రేసుకి పది రోజుల ముందు, తెల్లవారుజామున, 3 కిలోమీటర్లు గట్టిగా పరిగెత్తి చూసుకోండి. చలికాలంలో పెట్టిన రికార్డుని పక్కనపెట్టి ఈ టైమ్‌నే ఆధారం చేసుకోండి. 5కెలో దీనికంటే కిలోమీటరుకి ఎనిమిది నుంచి పది సెకన్లు, 10కెలో ఇరవై దాకా నెమ్మదిగా అనుకుంటే సరిపోతుంది. చివరి వారం పరుగు సగానికి తగ్గించండి, వేడికి పడిన అలవాటు పోకుండా రోజు మార్చి రోజు ఇరవై నిమిషాలు బయటే పరిగెత్తండి.

రేసు ఉదయం పేస్‌ని మళ్లీ స్క్రీన్ మీదకి తెచ్చుకోవచ్చు, అది కూడా క్షణక్షణం ఊగే పేస్ వద్దు, ల్యాప్ పేస్ పెట్టుకోండి. మొదటి రెండు కిలోమీటర్లలో గుంపు, డప్పులు, టెన్షన్ వల్ల హార్ట్ రేట్ ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, దాన్ని పట్టించుకోకుండా అనుకున్న పేస్ కంటే పది సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. మూడో కిలోమీటరు నుంచి హార్ట్ రేట్ మాట వినండి. 10కె వాళ్లు ఏడో కిలోమీటరు దాకా గరిష్ఠంలో 90 శాతం దాటకుండా చూసుకుంటే చివరి మూడు కిలోమీటర్లకి ఏదో ఒకటి మిగులుతుంది. హైదరాబాద్ రోడ్లలో ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు ఎక్కువ, ఎక్కేటప్పుడు పేస్ చూడకండి. నీళ్ల స్టాల్ దగ్గర ఒక గ్లాసు తాగడానికి, ఒకటి నెత్తిన పోసుకోవడానికి తీసుకోండి. మొదలయ్యే ముందు చల్లటి నీళ్లలో ముంచిన చేతి రుమాలు మెడకి చుట్టుకోండి, దానికి డబ్బులేమీ కావు. చంకల్లో, తొడల మధ్య వ్యాసలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాసుకోండి, కాటన్ బనియన్ మానేయండి, తడిస్తే బరువెక్కి ఒరుసుకుంటుంది.

ఆటో పాజ్ ఆపేయడం మర్చిపోకండి, అది ఆన్‌లో ఉంటే నీళ్ల దగ్గర ఆగిన సెకన్లు వాచీ లెక్కలోకి రావు, మీ టైమూ నిర్వాహకుల టైమూ కలవవు. నంబరు కాగితంతో వచ్చే చిప్ మీరు గీత దాటినప్పటి నుంచి లెక్కిస్తుంది కాబట్టి వెనక వరసలో నిలబడ్డా నష్టం లేదు. ఇంకొకటి, 10కె పూర్తయ్యేసరికి వాచీ 10.1 నుంచి 10.2 దాకా చూపిస్తుంది. కోర్సుని మలుపుల లోపలి అంచు వెంట, వీలైనంత దగ్గరి దారిలో కొలుస్తారు, మనం మాత్రం జనాన్ని తప్పించుకుంటూ బయటి అంచు వెంట పోతాం, దానికి జీపీఎస్ తప్పు కూడా కలుస్తుంది. అందుకని గంటలో పూర్తి చేయాలనుకునేవాళ్లు వాచీలో కిలోమీటరుకి 6:00 అని కాకుండా 5:54 అని పెట్టుకుని పరిగెత్తాలి. వాచీ 10.00 చూపించగానే ఆగి ఫొటో తీసుకోకండి, ఫినిష్ గీత ఇంకా వంద మీటర్ల అవతల ఉంటుంది.